కాలేయపు మచ్చలు – పరీక్షాపత్రము



కాలేయమునకు జబ్బనగానే త్రాగుబోతని ముద్రవేయు దురాచారము మనలో నేటికిని గలదు. అందుచే మద్యము ముట్టని రేవు గుమాస్తాలును, ఉక్కు కర్మాగారమున రాత్రి పాళీ చేయువారును పరీక్షాపత్రమును పెట్టెలో దాచుకొనుచున్నారు. మధుమేహము, స్థూలకాయము, హెపటైటిస్ బి వలనను కాలేయము మచ్చకట్టునని మేము విన్నవించుచున్నాము.

ఫైబ్రోస్కాన్ యంత్రము కాలేయపు గట్టిదనమును కిలోపాస్కలులలో కొలుచును. కొవ్వు పట్టిన కాలేయమున ఆ యంకె 8కి లోబడినచో ముదిరిన మచ్చ యుండుట అరుదు. 12 దాటినచో నిపుణుని చూడవలయును. నడుమనున్నచో ఇతర పరీక్షలతో సరిచూడవలయును. అయితే పరీక్షకు ముందు 3 గంటలైన ఏమియు తినరాదు. మా బంధువొకరు పెసరట్లు భుజించి పోయి, వచ్చిన యంకెను జూచి నెల దినములు నిద్రమానిరి; పరగడుపున మరల కొలిపింపగా అది చాల దిగినది! కాలేయమున వాపున్నను అంకె పెరుగును. రక్తపరీక్ష బాగున్నదని నిశ్చింతగా నుండుటయు పొరపాటే. మచ్చ దానికి చిక్కకయు నుండవచ్చును.

కొవ్వువలన వచ్చినదైనచో, స్థూలకాయులు దేహభారమున నూటికి 10 పాళ్లు తగ్గించుకొనిన పలువురిలో మచ్చయు వెనుకకు తగ్గును. మద్యము మానవలయును. మన సంతర్పణలలో బూరెల వడ్డన కొంత తగ్గింపుడని పెద్దలను వేడుచున్నాము.

1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రి మహారాణిపేటలోనే యున్నది. పెట్టెలోని పత్రమును వైద్యునకు చూపుడు.