తాడితోట లెక్కలకు తగిన తెర

రాజమహేంద్రవరం తాడితోట బట్టల మార్కెట్లో ఏ టోకు కొట్టయినా చూడండి. గుమస్తాగారి కళ్లు పొద్దుటినుంచి రాత్రిదాకా మానిటర్ మీదే. బిల్లులు, జీఎస్టీ, స్టాకు అన్నీ అందులోనే. అలాంటి చోటికి తక్కువ ధరలో ఏది కొనాలి?

ముందు అక్షరం సంగతి. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. తెర పెద్దదైతే ఆ చుక్కలు పెరగవు, లావెక్కుతాయంతే. 22 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 100 చుక్కలు పడితే, 27 అంగుళాల్లో 82కి దిగిపోతాయి. ఇంగ్లిషు అంకెలకు ఫరవాలేదు గానీ, ఒత్తులూ గుడిదీర్ఘాలూ ఉన్న మన తెలుగు అక్కడ కాస్త మొద్దుబారుతుంది. 22 లేదా 24 చాలు. పెద్ద తెర మోజు సినిమాలకు ఉంచుకోండి.

ప్యానెల్ ఐపీఎస్ అయితే పక్కన నిలబడ్డ యజమానికీ అంకెలు సరిగ్గా కనిపిస్తాయి. 144 హెర్ట్జ్ లాంటి రిఫ్రెష్ రేట్లు ఆటలాడేవారికి. ఆ డబ్బేదో ఎత్తు సర్దుకునే స్టాండున్న దానికి పెట్టండి. తెర పై అంచు కంటిమట్టానికి రావాలి, లేకపోతే మెడ పట్టేస్తుంది.

షాపుకి వెళ్లేముందు మీ సీపీయూ వెనక ఓసారి చూసుకోండి. పాతవాటికి నీలిరంగు వీజీఏ పోర్టు ఒక్కటే ఉండొచ్చు. కొన్ని కొత్త మానిటర్లకు అది ఉండదు. షాపులోనే తెలుగులో నాలుగు వరుసలు కొట్టించి చూడండి. బిల్లులో మీ జీఎస్టీ నంబరు రాయించండి. రెగ్యులర్ రిటర్నులు వేసే వ్యాపారికి ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటవుతుంది.