అలుగు పెంకు – బాలింత పాలు



అలుగు అంటే చెరువు అలుగు కాదు. అడవి జంతువు. నల్లమల పక్క ఊళ్ళ వాళ్ళకు తెలిసే ఉంటుంది. ఒంటి నిండా పెంకులు. నోట్లో పళ్ళు లేవు. పొడుగాటి నాలుకతో చీమల్నీ, చెదల్నీ తింటుంది. భయం వేస్తే పరుగెత్తదు. బంతిలా చుట్టుకుంటుంది. ఇక మనిషికి కష్టమేముంది? ఎత్తి గోనెసంచిలో వేసుకుపోతాడు.

ఎందుకు? ఆ పెంకుల కోసం. చైనాలో వందల ఏళ్ళ నుంచి ఒక నమ్మకం ఉంది. అలుగు పెంకు వేయించి, మందులో కలిపి తాగిస్తే బాలింతకు పాలు పడతాయని. అందుకని ఆసియాలోనూ, ఆఫ్రికాలోనూ అలుగుల్ని పట్టి చంపారు. ప్రపంచంలో 8 రకాల అలుగులున్నాయి. ఎనిమిదీ తరిగిపోతున్నాయి. ఈ జంతువు ఈతకు మామూలుగా ఒక్క పిల్లనే కంటుంది. పోయినవి పూడేదెట్లా?

ఇంతకీ ఆ పెంకులో ఏముంది? కెరటిన్. మన గోళ్ళల్లో, వెంట్రుకల్లో ఉండేదే. కత్తిరించి పారేసిన గోళ్ళను కాచి తాగమంటే ఎవరైనా తాగుతారా?

“మరి తాగినవాళ్ళకు పాలు పడ్డాయంటారే?” అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. బిడ్డ చీకుతుంటే పాలు ఊరుతాయి. కాన్పయిన రెండు మూడు రోజులకు ఎలాగూ పాలు ఎక్కువవుతాయి. ఆ రోజే మందు తాగితే పేరు మందుకు పోతుంది. ఇంకో సంగతి. బెదిరిన ఆవు చేపదు గదా! దిగులుతో ఉన్న తల్లి సంగతీ అంతే. “మందిచ్చారు, ఇక భయం లేదు” అనుకుంటే మనసు నెమ్మదిస్తుంది. పాలు చేపుతాయి.

ఇలా నమ్మకంతో కలిగే గుణాన్ని డాక్టర్లు ప్లాసిబో అంటారు. ఇది నటన కాదు. నొప్పి నిజంగానే తగ్గొచ్చు. కాని అందరికీ ఒకేలా తగ్గదు.

దీని మీద అమెరికాలో హార్వర్డ్ వాళ్ళు 2012లో ఒక పరీక్ష ఫలితం చెప్పారు. పేగుల బాధ ఉన్న 104 మందిని చూశారు. కొందరికి ఏ వైద్యమూ చెయ్యలేదు. కొందరికి సూదులు గుచ్చినట్టు నటించారు. ఇంకొందరికి అదే నటనతో పాటు, కష్టం విని ఓదార్పుగా మాట్లాడారు.

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. దాన్ని ఊడ్చే పని సి.ఓ.ఎం.టి. అనే జన్యువుది. ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. కొన్ని గబగబా ఊడుస్తాయి. కొన్ని నిదానం. రెండూ నిదానం రకమే వచ్చినవాళ్ళకు ఉత్తుత్తి వైద్యం ఎక్కువ గుణమిచ్చింది. అదీ ఓదార్పు మాటలు విన్నప్పుడు! ఇది చిన్న పరీక్షే. తర్వాత చేసినవన్నీ ఇలాగే రాలేదు. అయినా ఆ గుణం సూదిలో లేదని తేలిపోయింది.

నమ్మకానికీ హద్దుంది. అది క్షయ క్రిమిని చంపదు. నెత్తురు తక్కువైన బాలింతకు నెత్తురు పట్టించదు.

దేశాల మధ్య అలుగు వ్యాపారం 2017 నుంచి నిషేధం. చైనా కూడా 2020లో తన మందు సరుకుల పట్టీ నుంచి పెంకును తీసేసింది. మన దేశంలో అలుగును చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. అయినా దొంగ వ్యాపారం ఆగలేదు.

పాలు చాలడం లేదని తోస్తే బిడ్డకు మాటిమాటికీ రొమ్ము పట్టించాలి. రాత్రి కూడా. తల్లికి కడుపునిండా తిండి, పనిలో తెరిపి కావాలి. అత్తగారు నాలుగు మంచి మాటలు చెబితే మరీ మేలు. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోయకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఆస్పత్రికి తీసుకుపోవాలి.