డ్యూటీ దిగాక

అమెరికాలో ఒక పోలీసు ఇంటిని ఊహించుకోండి. భర్త డ్యూటీ దిగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఏం తింటావు?" అంది భార్య. "నీ ఇష్టం." "ఆదివారం ఎక్కడికైనా వెళ్దామా?" "నీ ఇష్టం." తనంటే పట్టింపు పోయిందనుకుంటుంది ఆమె.

పట్టింపు పోలేదు, ఒంట్లో సత్తువ పోయింది అంటారు కెవిన్ గిల్‌మార్టిన్. ఆరిజోనాలో ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసిన మనస్తత్వవేత్త ఆయన. 2002లో దీనిపై పుస్తకమే రాశారు. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. ఇంటికొచ్చేసరికి ఆ ఉరవడి ఒక్కసారిగా పడిపోతుంది. మాట్లాడటమూ బరువే. తేరుకునేలోపే మళ్లీ డ్యూటీ!

ఆపైన ప్రమాదంలో పోయిన పసిబిడ్డను చేతులతో ఎత్తిన రోజులుంటాయి. నిద్ర పట్టదు, కోపం ముంచుకొస్తుంది. ఇంట్లోవాళ్లు బెదిరిపోతారని అన్నీ లోపలే మింగేస్తారు. ఆ మౌనమే ఇద్దరినీ దూరం చేస్తుంది.

అయినా, పోలీసు పెళ్లిళ్లు నిలవవన్న మాట నమ్మకండి. అమెరికా జనగణన వివరాలతో 2010లో వచ్చిన అధ్యయనం వాళ్లలో విడాకులు సగటు కన్నా తక్కువేనని తేల్చింది.

ఈ దూరం తగ్గడానికి గిల్‌మార్టిన్ చెప్పేది తేలికే. రోజూ కాస్త వ్యాయామం. ఇంటి పనులు, షికార్లు ముందే క్యాలెండర్ మీద రాసుకోవడం. వాటితోపాటు గుమ్మంలో అడుగుపెట్టగానే ఒక్క మాట చాలు: "ఈ రోజు కష్టంగా గడిచింది. కోపం నీ మీద కాదు."