బంగారం వెతికే యంత్రం – పాతదా, కొత్తదా?

(పెద్దదోర్నాలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. సర్వీసంతా వైర్‌లెస్ సెట్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి, నేను ఒక యంత్రం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన సభ్యులొకరి రెండో అబ్బాయి ఒకనాడు మా ఇంటికి వచ్చాడు. సభ్యుని పేరు చెప్పను, ముందు వరుసలో కూర్చుని నవ్వుకుంటున్నారు. "పెదనాన్నా, మెటల్ డిటెక్టరు కొందామనుకుంటున్నాం. పాతదొకటి చౌకగా వస్తోంది. కొత్తది ఖరీదెక్కువ. ఏది తీసుకోమంటావు?" అన్నాడు. ఎందుకురా అంటే బంగారం వెతకడానికట. డబ్బెక్కడిదిరా అంటే నాన్న కమ్యుటేషన్ డబ్బు అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. రెండూ పట్టుకురా, చూసి చెబుతానన్నాను.

మరునాడు అమ్మే మనిషితో సహా వచ్చాడు. పాతదానికి కర్ర చివర పళ్లెమంత చుట్ట ఉంది. కొత్తదానికి చుట్టే లేదు. పిడికి రెండు ఏరియల్ చువ్వలు, ఒక మీటరు, రంగు దీపాలు. మూడు వందల మీటర్ల దూరం నుంచే బంగారం ఎటుందో చువ్వలు చూపిస్తాయట.

అసలు యంత్రం పని చేసే తీరు చెబుతాను. చుట్టలో కరెంటు మారుతూ ఉంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. దానివల్ల నేలలోని లోహంలో చిన్న కరెంటు పుడుతుంది. అది ఇచ్చే బదులును యంత్రం పట్టుకుంటుంది. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటిదే తయారు చేశాడు. తూటా దొరకలేదు. మంచంలోని ఇనుప స్ప్రింగులు అడ్డమయ్యాయంటారు. లోతు రెండింతలైతే చిన్న వస్తువు ఇచ్చే సంకేతం దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. అందుకే ఎంత ఖరీదైన యంత్రమైనా చిన్న నాణేన్ని జానెడు, మూరెడు లోతు దాటి పట్టుకోవడం కష్టం. ఇక మూడు వందల మీటర్ల మాట మీరే ఆలోచించండి.

అయినా పరీక్ష పెట్టాలి కదా. పెరట్లో ఐదు మట్టి మూకుళ్లు బోర్లించి, మా ఇంటావిడ ఉంగరం ఒకదాని కింద పెట్టాను. అమ్మే మనిషి చూస్తుండగా పెడితే చువ్వలు సరిగ్గా అటే తిరిగాయి. ఆయన్ని వీధిలోకి పంపి పెడితే పదిసార్లలో రెండుసార్లు కలిసింది. ఐదింటిలో కళ్లు మూసుకుని చెప్పినా అంతే కలుస్తుంది. ఆయన "ఇక్కడ కరెంటు తీగలున్నాయండీ" అన్నాడు. ఇలాంటి చువ్వల యంత్రాన్నే బాంబులు పట్టే యంత్రమని ఇరాక్‌కు అమ్మిన మెక్‌కార్మిక్ అనే వ్యాపారికి 2013లో ఇంగ్లాండు కోర్టు పదేళ్ల జైలు వేసింది. లోపల పనిచేసే సర్క్యూటే లేదని తేలింది.

పాతది మాత్రం పదికి పదిసార్లూ ఉంగరాన్ని పట్టింది. అబ్బాయి ముఖం వెలిగింది. అప్పుడు నా బి.పి. మాత్రల ఖాళీ అట్ట పెట్టాను. అదే కూత! సన్నటి బంగారానికీ అల్యూమినియం రేకుకీ తేడా తెలుసుకోవడం కొత్త యంత్రాలకు కూడా కష్టమే. పైగా పెరటి ఎర్రమట్టి మీద ఊరికే కూయడం మొదలుపెట్టింది. మట్టిలోని ఇనుము ఆ పని చేస్తుంది. ఈ తరం మంచి యంత్రాలు మట్టికి తగినట్టు తామే సర్దుకుంటాయి. దాన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. పల్స్ ఇండక్షన్ అనే రకం అలాంటి నేలను ఇంకా బాగా తట్టుకుంటుంది గాని, ఇనుప మేకుల్ని వేరు చేయడంలో వెనకబడుతుంది. కాబట్టి నిజమైన యంత్రాలు రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే కొత్తదే మేలు. పాతది కొనేవారు చుట్ట దగ్గర కేబులు మెడ, బ్యాటరీ పెట్టె చూసుకోవాలి.

అయితే బంగారం ఎక్కడుంది? ఆస్ట్రేలియాలో 1980లో ఒకాయనకు అడుగు లోతులో 27 కిలోల ముద్ద డిటెక్టరుతోనే దొరికింది. అక్కడి నేలలో ముద్దలున్నాయి. మన రామగిరిలో, జొన్నగిరిలో, 2001లో మూతపడ్డ కోలారులో బంగారం రాతిలో కంటికి ఆనని రేణువులుగా ఉంటుంది. టన్నుల కొద్దీ రాయి పిండి చేస్తే గ్రాముల్లో వస్తుంది. దాని మీద ఏ డిటెక్టరూ కూయదు. మన మార్కాపురం, దోర్నాల వైపు ఉన్నది పలకరాయి.

ఈ మాట చెప్పాక అబ్బాయి అసలు సంగతి బయటపెట్టాడు. స్నేహితులతో కలిసి అడవిలో పాత గుడి దగ్గర నిధి వెతుకుతారట! నల్లమల పులుల అభయారణ్యం. అందులో గడ్డపార వేస్తే అటవీ చట్టాలున్నాయి. ఇక 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా, దొరికినదానిలో వాటా కూడా పోతుంది. "యంత్రం నీ చేతిలో ఉంటుంది, సంతకం మీ నాన్న చెక్కు మీద ఉంటుంది, పోలీసులు ముందు ఎవర్ని పిలుస్తారో చెప్పు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మే మనిషి చువ్వల యంత్రం తీసుకుని బస్సెక్కాడు. పాతది రెండు రోజులు ఉంచి వెళ్లమన్నాను. మా పెరట్లో నీళ్ల ఇనుప పైపు ఎటు పోయిందో ఇల్లు కట్టినప్పటి మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. అబ్బాయే యంత్రం పట్టుకుని నడిచాడు, నేను వెనకాల సున్నం గీత గీసుకుంటూ వెళ్లాను. జామచెట్టు మొదట్లో లీకు దొరికింది.

సెలవు.