మోసినవారు



1943 మార్చిలో నార్వే ఉత్తర తీరమున ప్రతిఘటన యోధుల చేపల పడవను జర్మనులు చుట్టుముట్టిరి. 12 మందిలో తప్పించుకొన్నవాడు యాన్ బోల్స్‌రూడ్ ఒక్కడే. అతని ధైర్యమును గూర్చి పుస్తకములు, చలనచిత్రములు వచ్చినవి. మేము చెప్పగోరునది అతనిని మోసినవారిని గూర్చి.

ఆశ్రయమిచ్చుట అన్న ఏమో వినుడి. 1942లో ప్రతిఘటనవారిని దాచినందుకు తెలవోగ్ గ్రామమును జర్మనులు నేలమట్టము గావించిరి. 72 మంది పురుషులను నిర్బంధ శిబిరమునకు పంపిరి. 31 మంది తిరిగి రాలేదు.

అట్టి కాలమున, మంచు వెలుగుకు చూపుపోయి, చలికి కాళ్లు చచ్చుబడి తన సోదరి యింట జొరబడిన అపరిచితుని ఫురుఫ్లాటెన్ గ్రామస్థుడు మారియుస్ గ్రోన్‌వోల్ దాచెను. తోటివారితో అతనిని పడవలో సముద్రపు పాయ దాటించెను. అచ్చటి గుడిసెలో బోల్స్‌రూడ్ కుళ్లుచున్న తన పాదములకు తానే శస్త్రచికిత్స చేసికొనెను. పిమ్మట అతనిని మంచుబండికి కట్టి నిట్టనిలువు కొండపైకి లాగిరి. ఆవలి మన్‌డాలెన్ వారు రావలెను, తుపానులు అడ్డుపడెను. దినములతరబడి అతడు మంచులోనే పండుకొనియుండెను.

ఒక్కని కొరకు ఇన్ని కుటుంబములా? ఆ ప్రశ్న న్యాయమైనదే. వారు మాత్రము బరువు తెలిసియే ఎత్తుకొనిరి.

తుదకు సామీ జాతివారు రెయిన్‌డీర్ బండిపై ఫిన్లాండు మీదుగా అతనిని స్వీడనుకు చేర్చిరి. 1988లో బోల్స్‌రూడ్ మరణించెను. ఆయన చితాభస్మము మన్‌డాలెన్‌లో, తనకు తోడ్పడిన అస్లాక్ ఫొస్‌వోల్ సమాధిలోనే యున్నది.