అచ్చుకోత యంత్రము కొనదగునా?

అమెరికాలో గుడ్డముక్కలు కూర్చి క్విల్టులనెడి బొంతలు కుట్టువారిని తరచుగా వేధించు ప్రశ్న యొకటి కలదు: అచ్చుకోత యంత్రము కొనవలెనా, వలదా?

నురుగుపలకలో ఉక్కు అంచులు పొదిగిన అచ్చుపై నాలుగైదు పొరల నూలుగుడ్డ పరచి, దానిపై ప్లాస్టిక్ పలకను ఉంచి, యంత్రపు పిడి త్రిప్పుచు రోలర్ల నడుమ నడపినచో, కుట్టుకు విడువవలసిన పావు అంగుళముతో సహా ముక్కలన్నియు ఏకరూపమున వెడలును. ఒకే త్రికోణము వందలుగా వలసినవారికిని, మణికట్టు నొప్పిచే చక్రపుకత్తి పట్టజాలనివారికిని ఇది వరమే.

కాని ప్రతి యాకృతికిని వేరొక అచ్చు కొనవలయును. అసలు వ్యయ మచ్చటనే! అంచులయందు గుడ్డయు కొంత వ్యర్థమగును. కావున యంత్రము వెల యడుగుటకు ముందు, మీరు మరల మరల కుట్టు నమూనా యేదియో చూచుకొనుడు. బొంతబొంతకును క్రొత్త ఆకృతి కోరువారికి చక్రపుకత్తియు, కొలబద్దయు చాలును.