క్లచ్చులో చేరిన గాలి
(కటవారియా సరాయ్‌లో జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సమాజపు వేదికపై లారీ మరమ్మతును గూర్చి ప్రసంగించుట కొందరకు వింతగా తోచవచ్చును. నేను చదివినది చరిత్ర. చేయునది సచివాలయమున కాగితముల కొలువు. అయినను మనమందరమును బదిలీలతో బ్రతుకువారము. మన మంచములు, బీరువాలు, ఆవకాయ జాడీలు అంత దూరమునుండి ఢిల్లీకి చేరుట లారీవాని చలవ. అతని బండికి తరచుగా వచ్చు ఒక చిన్న జబ్బును, దాని చికిత్సను తెలిసికొనుట మనకు చిన్నతనము కాదు. మనలో పలువురి కార్లలోను ఇదే ఏర్పాటు ఉన్నది.

గేరు మార్చునపుడు ఇంజనునకు, గేరుపెట్టెకు గల సంబంధమును క్షణకాలము తెంచునది క్లచ్చు. పూర్వపు బండ్లలో పెడలునకు, క్లచ్చునకు నడుమ కడ్డీలో, తీగెయో ఉండెడివి. తరువాతి బండ్లలో వాని స్థానమున ద్రవము వచ్చినది. పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని పిస్టను ద్రవమును నెట్టును. ఆ ద్రవము సన్నని గొట్టము వెంట పోయి, గేరుపెట్టె చెంతనున్న స్లేవు సిలిండరులోని పిస్టనును త్రోయును. ఆ త్రోపునకు క్లచ్చు విడివడును. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు పాస్కల్ తెలిపిన సూత్రమే దీనికి ఆధారము.

నొక్కిన ద్రవము దాదాపు అణగదు, గాలి అణగును. చిక్కంతయు ఇందే ఉన్నది. గొట్టములో నాలుగు బుడగలు చేరినచో డ్రైవరు కాలి బలము ఆ బుడగలను నొక్కుటకే సరిపోవును. పై అధికారి ఉత్తరువు నడిమి బల్లలపై నిలిచి, క్రింది గుమాస్తాకు అందకుండుట మన మెరుగనిది కాదు గదా! అట్లే పెడలు మెత్తబడును. క్లచ్చు సగమే విడును. గేరు వేయబోగా పండ్లు కొరికిన చప్పుడు వచ్చును. పెడలును వెంటవెంటనే నాలుగైదు సార్లు త్రొక్కగా కొంత గట్టిపడినచో, గాలి చేరియుండునని అనుమానింపవలెను. విచిత్రమేమనగా, పెద్ద లారీల బ్రేకులు పనిచేయునది గాలి బలముతోనే. ఒకే బండిలో బ్రేకునకు ప్రాణమైన గాలి క్లచ్చునకు పగ!

ఈ కటవారియా సరాయ్ పేరులోనే సత్రమున్నది. సరాయి యనగా బాటసారుల విడిది. ప్రక్కనే జియా సరాయ్, బేర్ సరాయ్ ఉన్నవి. నేడు ఈ యిరుకు సందులలో విడిది చేయువారు ఎక్కువగా చదువుకొను పిల్లలు. గత శీతకాలమున ఒక మిత్రుని సామానుతో విజయవాడనుండి వచ్చిన లారీ రాత్రివేళ ఇచ్చటనే నిలిచిపోయినది. గేరు పడదు. పగటివేళ పెద్ద సరుకు బండ్లు నగరములో తిరుగరాదు. తెల్లవారకమునుపే వెలుపలికి పోవలెను. లేనిచో డ్రైవరునకు జరిమానాయు, తిరుగు బాడుగ నష్టమును తప్పవు. అతనికి తెలుగు తప్ప రాదు. పిలువగా వచ్చిన మెకానిక్కునకు హిందీ తప్ప రాదు. నడుమ నేను దుబాసీగా నిలిచితిని.

చేసిన పని యిది. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డు చెక్కలు పెట్టిరి. బండి క్రిందికి మనిషి దూరబోవుచున్నాడు గనుక దీనిలో ఉపేక్ష పనికిరాదు. ద్రవపు డబ్బా మూతను తుడిచి తీసి, డబ్బాను నింపిరి. స్లేవు సిలిండరుపై నున్న నిపిలునకు పారదర్శకమైన గొట్టమును తగిలించి, దాని రెండవ కొనను కొంత ద్రవముగల సీసాలో ముంచిరి. డ్రైవరు పెడలును మెల్లగా అడుగంట త్రొక్కి పట్టుకొనెను. మెకానిక్కు పానాతో నిపిలును అరచుట్టు వదులుచేయగా ద్రవముతో పాటు బుడగలు వెడలినవి. నిపిలును బిగించిన పిమ్మటనే పెడలును విడువవలెను. ముందుగా విడిచినచో వెడలిన గాలి మరల లోనికి రావచ్చును.

ఒకడు పైన, ఒకడు క్రింద, ఒకరికొకరు కనబడరు. ‘త్రొక్కు’, ‘పట్టు’, ‘వదులు’ అను మూడు మాటలపైనే పని యంతయు ఆధారపడినది. ఆ రాత్రి ‘దబావో’, ‘పకడో’, ‘ఛోడో’ అని వినినదానిని తెలుగులో పలుకుటయే నా వంతు. ఎన్నో భారీ దస్తావేజులకు అనువాదములు చూచితిని గాని, ఒక్క మాట తారుమారైనచో పని మొదటికి వచ్చునట్టి అనువాదము నాకదియే ప్రథమము. బుడగలు ఆగువరకు ఇట్లే మరల మరల చేసిరి. నడుమ నడుమ డబ్బాను నింపుచుండిరి. అది ఖాళీ అయినచో పైనుండి క్రొత్త గాలి దిగును.

ద్రవము చాలదేమోనని డ్రైవరు తనవద్దనున్న ఇంజను ఆయిలు పోయుమనెను. మెకానిక్కు అంగీకరింపలేదు. ఖనిజ తైలము తగిలినచో ఈ ఏర్పాటులోని రబ్బరు సీళ్లు ఉబ్బి చెడును. బండి పుస్తకములో చెప్పిన రకపు బ్రేకు ఆయిలే పోయవలెను. సామాన్యముగా వాడు డాట్ 3, డాట్ 4 రకములు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 క్రొత్తదైనచో 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకుండ నిలువవలెనని ప్రమాణము. తేమ చేరిన స్థితిలో ఆ ప్రమాణము 140కి దిగును. మరగినచో ఆవిరి బుడగలు పుట్టి అదే జబ్బు తెచ్చును. అందుచేత సీసాలోనికి వచ్చిన పాత ద్రవమును మరల పోయరాదు. తెరచి చిరకాలము నిలువయుంచిన డబ్బాను వాడరాదు. రంగుపై ఒలికినచో వెంటనే నీటితో కడుగవలెను.

చివరకు ఇంజను నడిపి, పెడలు త్రొక్కి, కొన్ని క్షణములాగి వెనుక గేరు వేయగా చప్పుడు లేకుండ పడినది. తెల్లవారకమునుపే లారీ నగరము దాటినది. పోవునపుడు మెకానిక్కు డ్రైవరునకు చెప్పుమన్న మాట ముఖ్యమైనది: గాలి తీయుట చికిత్స మాత్రమే, గాలి ఏ దారిన వచ్చినదో వెదకుట వేరు. ద్రవము తగ్గుచున్నచో ఎచ్చటనో సీలు అరిగినదనియో, గొట్టము కారుచున్నదనియో అర్థము. ఊరు చేరగానే ఆటోనగరులో సీళ్లు మార్పింపుమని హెచ్చరించెను. కొన్ని కార్లలో క్లచ్చునకు, బ్రేకునకు డబ్బా ఒక్కటే. అట్టివానిలో ద్రవము తగ్గుట ప్రాణాపాయ సూచన.

కావున సభ్యులకు నా మనవి. నెలకొకసారి మీ బండి డబ్బాలోని మట్టమును చూడుడు. పెడలు మెత్తబడినచో రేపటికని వాయిదా వేయకుడు. మీ సామాను తెచ్చిన లారీ ఆగినచో, ఆలస్యమైనదని డ్రైవరుపై విసుగుకొనక, దీపము పట్టుటకో, మాట అందించుటకో ఒకరు వెంట నిలువుడు. పరాయి భాషగల నగరమున, అర్ధరాత్రి, చల్లని నేలపై పనిచేయువారికి అది చిన్న సాయము కాదు.